సుచరిత వద్దన్న కొసరు

సుచరితకు కోపం ముక్కు మీద ఉంటుందని కర్నూలు పక్క కల్లూరులో వాళ్ళ వీధి వీధంతా అంటుంది. ఆ మాట అన్నవాళ్ళెవరూ ఆ ఇంట్లో ఒక్కపూట భోజనానికి కూర్చుని ఉండరు. కూర్చుని ఉంటే తెలిసేది. అన్నం చాలమ్మా అంటే తల్లి అనసూయమ్మ ఇంకో గరిటె వేస్తుంది. వద్దని చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వేస్తుంది. పెరుగు వద్దంటే పెరుగుతో పాటు మీగడ కూడా వస్తుంది. పుట్టినప్పటి నుంచి ఇదే వరస. ఇలా ముప్పై ఏళ్ళు వడ్డింపించుకున్న మనిషికి కోపం ముక్కు మీద కాక ఇంకెక్కడ ఉంటుంది?

తండ్రి రామకోటయ్యకు కర్నూలు పాత ఊళ్ళో కిరాణా అంగడి ఉంది. తాతల నాటిది. ఆ అంగడికి పేరు తెచ్చింది కందిపప్పూ, అంటే వాళ్ళ మాటలో బేడలూ కాదు, బెల్లమూ కాదు, కొసరు. కాటా సరిగ్గా తూగిన తర్వాత కూడా రామకోటయ్య చెయ్యి మళ్ళీ గోతంలోకి పోతుంది. ఇంకో పిడికెడు తెచ్చి పొట్లంలో పోస్తుంది. అంకెలు చూపించే కాటా వచ్చింది, చుట్టూ పెద్ద పెద్ద మార్టులు వచ్చాయి, అయినా ఆ పిడికెడు ఆగలేదు. కొసరు వెయ్యని అంగడి అంగడే కాదని ఆయన సిద్ధాంతం. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, బేడల వరకు.

చిక్కల్లా ఏమిటంటే ఆయన ఆ చేతిని అంగట్లో వదిలి ఇంటికి రాడు. ఇంటర్ అయిన తర్వాత సుచరిత సివిల్ ఇంజనీరింగ్ చదువుతానంది. బీకాంలో చేర్పించి, దాంతో పాటు ఎర్ర స్కూటీ కొనిచ్చాడు. పని చేసుకోవడానికి మేడ మీది చిన్న గది అడిగింది. ఆ గదిలో చింతపండు బుట్టలున్నాయని, హాల్లో టీవీ పక్కన పెద్ద టేకు బల్ల, గుండ్రంగా తిరిగే కుర్చీ వేయించాడు. అడిగింది రాదు. అడగనిది దండిగా వస్తుంది. వచ్చినదాన్ని చూసి మొహం వెలగకపోతే, పిల్లకు పొగరని నలుగురికీ చెప్పుకోవడం ఒకటి.

అయినా సుచరిత ఊరుకునే రకం కాదు. బీకాం చదివి ఒక సర్వే ఆఫీసులో లెక్కలు రాయడానికి చేరింది. లెక్కలు రాస్తూ రాస్తూ పక్క బల్ల వాళ్ళ పని నేర్చుకుంది. డ్రోన్ ఎగరేసి గుట్టను అన్ని వైపుల నుంచి ఫొటోలు తీయాలి. ఆ వేల ఫొటోలనూ కంప్యూటర్లో ఒకదానికొకటి అతికిస్తే గుట్ట గుట్టంతా తెర మీద లేచి నిలబడుతుంది. ఎక్కడ ఎంత తవ్వారో, ఇంకా ఎంత రాయి మిగిలిందో జానెడు తేడా లేకుండా చెప్పొచ్చు. క్వారీల వాళ్ళకు ఈ లెక్క కావాలి. ఆఫీసులో పదిమంది పేరు మీద చేసిన పనినే తన పేరు మీద చేసుకుందామని బయటికి వచ్చేసింది. మొదటి పెద్ద పని కమలాపురం దగ్గరి నాపరాయి క్వారీది. యజమాని హర్షవర్ధన్, అక్కడి భూముల వాళ్ళ అబ్బాయి. నెలాఖరు బుధవారానికల్లా కొలతలు చేతికి రాకపోతే హైదరాబాదు కంపెనీకి ఇచ్చేస్తానని ముందే చెప్పాడు. ఇంట్లో రామకోటయ్య కూడా ముందే చెప్పాడు, ఈ పని తేలకపోతే ఈ గుట్టల పిచ్చి చాలించి అంగట్లో కౌంటరు దగ్గర కూర్చోవాలని. అంగట్లో కూతురి కోసం ఏసీ కూడా పెట్టిస్తాడట. చూశారా, అక్కడా కొసరే.

ఈ పనికి మామూలు ల్యాప్‌టాప్ చాలదు. పాతది ఒక చిన్న కుంట కొలతకే ఆయాసపడి ఆగిపోయేది. వర్క్‌స్టేషన్ అని వేరే జాతి ఉంటుంది. బరువుగా ఉంటుంది, దాని చార్జరే ఇటుకంత ఉంటుంది. సుచరిత నెలల తరబడి చదివి, అడిగి, పోల్చి ఒకదాన్ని ఎంచుకుంది. గ్రాఫిక్స్ కార్డు ఏది ఉండాలో, ఫొటోలు ఒక డిస్కులో, అతికించిన గుట్ట ఇంకో డిస్కులో ఎందుకు ఉండాలో ఆమెకు లెక్కుంది. పని నడిచేటప్పుడు లెక్కలన్నీ పట్టుకుని ఉండే ర్యామ్‌కు నాలుగు స్లాట్లు, కీబోర్డు కింద రెండు, అడుగున రెండు. కంపెనీ వేసి పంపిన చిన్న ర్యామ్ తీసేసి, ఒకే పెట్టెలో జతగా వచ్చే పెద్దవి రెండు అడుగున వేయాలి. పైన రెండు స్లాట్లూ ఖాళీగా ఉంచాలి. ముందు ముందు పని పెరిగితే అదే జత ఇంకొకటి తెచ్చి వేసుకుంటుంది. అంతవరకు ఖాళీ ఖాళీగానే ఉండాలి. ఇంత వివరంగా అడిగిన మనిషిని ఆ కంప్యూటర్ షాపు వాళ్ళు అంతకు ముందు చూసి ఉండరు.

షాపంటే ఎవరిదో కాదు. రామకోటయ్య తమ్ముడి కొడుకు కిరణ్‌కుమార్‌ది. బెంగళూరు నుంచి తెప్పించుకుంటానని సుచరిత అంటే, మనోడు షాపు పెట్టుకుని ఉండగా బయటోడి దగ్గర కొంటే వాడి మొహం ఎట్లా చూడాలని తండ్రి ఆ మాట అక్కడే తుంచేశాడు. కిరణ్ మంచివాడే. కష్టపడి షాపు నిలబెట్టుకున్నాడు. కానీ వాడూ ఆ వంశం వాడే కదా. మంచి రోజు చూసి, కౌంటరు మీద మిషన్ పెట్టి, తెర వెలిగించి, పెదనాయన వైపు తిరిగి నవ్వుతూ చెప్పాడు. పైన రెండు స్లాట్లూ బోసిగా ఉన్నాయని తన దగ్గరున్న ర్యామ్‌లు రెండు వేసేశాడట. కొసరు.

అవి వేరే కంపెనీవి, వేరే వేగానివి. చిన్న పనులకు తెలియదు. పెద్ద పని పెట్టినప్పుడు ఒక జత ఒక తీరు, ఇంకో జత ఇంకో తీరు నడిస్తే ఎక్కడో ఒక చోట లెక్క తప్పుతుంది, మిషన్ పడిపోతుంది. తీసెయ్యమని నెమ్మదిగానే చెప్పింది. కిరణ్ మొహం చిన్నబోయింది. రామకోటయ్య కూతురి వైపు చూసిన చూపు చాలు, పదేళ్ళ పిల్ల అయితే అక్కడే ఏడ్చేది. వాళ్ళ ఇళ్ళల్లో కొసరు తిప్పి పంపడమంటే సంబంధం తెంచుకోవడమే. ఆ పూట సుచరిత నోరు మూసుకుంది. కిరణ్ స్క్రూల మీద షాపు స్టిక్కరు అంటించి, ఇంకెవరు విప్పినా గ్యారంటీ పోతుందని చెప్పి మరీ పంపాడు. ఇంటికి రాగానే అనసూయమ్మ మూత మీద కుంకుమ బొట్టు పెట్టి హారతి ఇచ్చింది.

అనుకున్నట్టే అయింది. క్వారీ మీద డ్రోన్ ఎగరేసి, ఎండలో నానా తిప్పలు పడి ఫొటోలు తెచ్చింది. పొద్దున పని పెడితే మధ్యాహ్నానికి తెర నీలంగా మారి మిషన్ తనంతట తనే ఆగి మళ్ళీ మొదలైంది. చేసిందంతా గాలికి పోయింది. మళ్ళీ పెట్టింది. ఈసారి సాయంత్రం దాకా నడిచి, గుట్ట సగం లేచిన తర్వాత పడిపోయింది. ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం వేసి చూస్తే తెర నిండా ఎర్ర గీతలు. ఎవరిని తిట్టాలో తెలిసి కూడా తిట్టలేకపోవడం కంటే ఒళ్ళు మండే సంగతి ఇంకోటి లేదు.

ఇక ఇంట్లో వైద్యాలు మొదలయ్యాయి. కరెంటు హెచ్చుతగ్గుల వల్లనేనని రామకోటయ్య స్టెబిలైజర్ తెప్పించాడు. దిష్టి తగిలిందని అనసూయమ్మ బల్ల కోడుకు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టింది. కిరణ్‌కు ఫోన్ చేస్తే, కర్నూలు ఎండకు మనుషులే పడిపోతున్నారు, మిషన్ ఎంత అన్నాడు. ఎర్ర గీతల గురించి చెబితే, ఆ పరీక్షలన్నీ అంతేనన్నాడు. పై రెండూ తీసేస్తే సరిపోతుందని నాలుగోసారి చెప్పేసరికి వాడికి రోషం వచ్చింది.

"యాడన్నా ఇన్నావా అక్కా? తక్కువుంటే చెడిపోతాది గానీ, ఎక్కువుంటే చెడిపోతాదా?"

అంతటితో ఆగకుండా పెదనాయనకు ఫోన్ చేసి అక్క తన సరుకును పాడు సరుకంటోందని చెప్పుకున్నాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర రామకోటయ్య, అభిమానంతో ఇచ్చినదాన్ని తీసి మొహాన కొట్టే బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందని కూతురిని అడిగాడు. తెర మీద గుట్ట సగం లేచి పడిపోతోందన్న ముక్క ఆయన చెవికెక్కలేదు. కొసరు వల్ల ఎవరికైనా నష్టం జరగడమనేది ఆయన బుర్రలో పట్టే విషయమే కాదు. సుచరిత అన్నం వదిలేసి లేచింది. ఆడపిల్లకు అంత కోపం పనికిరాదని తల్లి వెనక నుంచి అంది. ఎవరికి పనికొస్తుందో మాత్రం చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం రామకోటయ్యే కిరణ్‌ను భోజనానికి పిలిచాడు. అక్కా తమ్ముళ్ళ మధ్య మాట కలపాలని. హర్షవర్ధన్ మనిషి పొద్దున్నే ఫోన్ చేసి గుర్తు చేశాడు, బుధవారమని. సుచరిత పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కిరణ్ వచ్చాడు. చేతిలో ఒక అట్టపెట్టె ఉంది. అందులో ల్యాప్‌టాప్ కింద పెట్టుకునే ఫ్యాన్ల పలక ఉంది, నీలం లైట్లతో. బల్ల మీద పెట్టి నవ్వాడు.

"వేడికి పడిపోతాండాది గదక్కా, ఇది పెట్టుకో. దీనికి కూడా దుడ్లేం వద్దులే."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో సుచరితకు అప్పుడు తెలిసింది. లోపలికి పోయి స్క్రూడ్రైవరు తెచ్చింది. మిషన్ ఆర్పి, బోర్లా తిప్పి, షాపు స్టిక్కరును గోరుతో చర్రున పీకేసింది. అక్కా, గ్యారంటీ పోతాదని కిరణ్ ముందుకు వచ్చాడు. వినిపించుకోలేదు. స్క్రూలు వరసగా తీసి గిన్నెలో వేసింది. మళ్ళీ వెల్లకిలా తిప్పి కీబోర్డు పైకి లేపింది. దాని కింద కిరణ్ వేసిన రెండు ర్యామ్‌లూ ఒకదాని మీద ఒకటి ముసుగు తన్ని పడుకున్నట్టున్నాయి. పక్కనున్న చిన్న పట్టీలు వేళ్ళతో నొక్కి రెండింటినీ ఊడబెరికింది. కిరణ్ చెయ్యి పట్టుకుని, అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

రామకోటయ్య పీట మీద నుంచి లేచాడు. అంగట్లో నలభై ఏళ్ళుగా ఎంతోమందికి కొసరు వేసినా, ఒక్కరు కూడా తిప్పి తన చేతిలో పోయలేదని, సొంత తమ్ముడి కొడుక్కి సొంత కూతురే ఆ మర్యాద చేసిందని అన్నాడు. వాడేం తప్పు చేశాడని అడిగాడు. ఎక్కువ ఇవ్వడం తప్పా?

అప్పుడు సుచరిత నోరు తెరిచింది. అరవలేదు. అరిచి ఉంటే ఇంట్లో వాళ్ళకు అలవాటే, సర్దుకునేవాళ్ళు.

"నేనడిగింది రెండు నాయనా. రెండే. మిగిలిన జాగా ఖాళీగా ఉండనీమన్యా. ఇంజనీరింగ్ అడిగితే స్కూటీ కొంటివి. గది అడిగితే కుర్చీ తెస్తివి. నాకేం గావల్లనో నేను చెప్తాంటే మీరెవరూ ఇనరు, మీ చేతికి ఏం తగిల్తే అది తెచ్చి నా మీద పోస్తారు. అడిగింది ఇయ్యనోళ్ళకు కొసరు ఎందుకు నాయనా?"

వంటింటి గడప దగ్గర అనసూయమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. కిరణ్ రెండు ర్యామ్‌లూ జేబులో వేసుకుని, పెదనాయన వైపు కూడా చూడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వడ్డించిన విస్తరి ముందు నుంచి ఇంటికి పిలిచిన మనిషి ఎంగిలి పడకుండా పోయాడు. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద అవమానం లేదు. రామకోటయ్య కూడా తినకుండా అంగడికి వెళ్ళిపోయాడు, ఆదివారం అంగడి మూసే రోజైనా.

సుచరితకు జాలి కలిగిందా అంటే, కలగలేదు. కీబోర్డు బిగించి, మిషన్ వెలిగించి, పరీక్ష మళ్ళీ పెట్టింది. ఒక్క ఎర్ర గీత లేదు. గుట్ట పని పెట్టి ఆ తిరిగే కుర్చీలోనే కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మర్నాటికి క్వారీ మొత్తం తెర మీద లేచింది. మెట్లు మెట్లుగా కోసిన నాపరాయి, అడుగున నిలిచిన పచ్చటి నీళ్ళు, లారీ చక్రాల జాడలు, అన్నీ. రెండుసార్లు పడిపోయిన మిషన్ ఇప్పుడు ఫ్యాను చప్పుడు కూడా పెద్దగా చెయ్యలేదు. సంతోషించాల్సింది పోయి, ఇంత చిన్న పనికి వారం రోజులు పోయాయని ఆమెకు ఇంకా మండింది. పిలిచి చూపిద్దామన్నా ఇంట్లో చూసేవాళ్ళు లేరు. తండ్రి మాట మానేశాడు. ఉప్పు కావాలన్నా భార్యకు చెప్పి కూతురి చేత తెప్పించుకుంటున్నాడు.

బుధవారం కమలాపురం ప్రయాణం. అంత విలువైన మిషన్‌తో ఒక్కదాన్నే పంపేది లేదని అనసూయమ్మ పట్టుబట్టింది. అద్దె కారు ముందు సీట్లో రామకోటయ్య కూర్చున్నాడు. దారి పొడుగునా నోరు విప్పలేదు. నంద్యాల దాటాక డ్రైవరు టీ తాగుదామంటే తల ఊపాడు, అంతే. కూతురికి టీ తెచ్చింది కూడా డ్రైవరే.

క్వారీ దగ్గర రేకుల షెడ్డే ఆఫీసు. తెల్లటి దుమ్ము అన్నిటి మీదా పేరుకుని ఉంది. హర్షవర్ధన్ మర్యాదస్థుడే, పెద్దాయనకు కుర్చీ వేయించి చల్లటి మజ్జిగ తెప్పించాడు. సుచరిత మిషన్ తెరిచి గుట్టను తిప్పి తిప్పి చూపించింది. ఎక్కడ కోస్తే ఎంత లోతుందో, పడమటి వైపు రాయి ఎంత మిగిలిందో చెప్పింది. అతను వంగి చూశాడు. తన మేస్త్రీని పిలిచి చూపించాడు. చాలాసేపు ప్రశ్నలు అడిగాడు, ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది. హైదరాబాదు మాట ఇక ఎత్తలేదు. పని నిలబడింది.

అప్పుడు హర్షవర్ధన్ కిటికీ లోంచి చెయ్యి చాపి అవతలి గుట్ట చూపించాడు. అడిగిన తీరు చూస్తే, తను ఏదో అడుగుతున్నానని కూడా అతనికి తెలిసినట్టు లేదు.

"శానా బాగుండాదమ్మా. ఆ పక్కన ఉండేది సిన్న గుట్టే. డ్రోన్ ఎట్లాగూ తెచ్చినారు గదా, దాన్ని గూడా కొలిసి ఇచ్చేయండి. కొసరనుకోండి."

సుచరిత ఆ గుట్ట వైపు చూసింది. చిన్న గుట్టైనా పెద్ద గుట్టైనా పని అదే, ఎండ అదే, ఫొటోలు అవే వేలు. కాదంటే చేతికొచ్చిన మొదటి బేరం చెడొచ్చు. ఔనంటే ఈ జిల్లాలో ప్రతి గుట్టకూ పక్కన ఇంకో గుట్ట ఉంటుంది. పైగా తలుపు దగ్గర తండ్రి కూర్చుని ఉన్నాడు. ఇచ్చెయ్ పాపా, దాందేముంది అని ఆయన ఇప్పుడు అనబోతున్నాడని ఆమెకు తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ చెయ్యి గోతంలోకి పోవడం చూస్తూనే ఉంది. ఆయన ఆ మాట అంటే అతని ముందే గొడవైపోతుందని, అయినా సరే తగ్గేది లేదని పళ్ళ బిగువున నిలబడింది.

రామకోటయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. పైపంచెతో మూతి తుడుచుకున్నాడు.

"కొసరు మా అంగట్ల ఇస్తామప్పా, బేడలకు," అన్నాడు. "కర్నూలికొస్తే మీరెంత గావల్లంటే అంత ఏస్తా. మా పాప కాడ మాత్రం అడిగిందే దొరుకుతాది, కొసరు లేదు. ఆ గుట్ట గావల్లంటే దాని బేరం దానిదే."

హర్షవర్ధన్ ఒక్క క్షణం ఆయన వైపు, ఆమె వైపు చూసి, సరే పెద్దాయనా, దాని సంగతి వేరే మాట్లాడుకుందాం అన్నాడు. సుచరిత తెర మూసింది. ఏం చూస్తున్నదో తెలియనట్టు చార్జరు తీగను చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

బయట ఎండ మండిపోతోంది. కారు దాకా నడుస్తూ రామకోటయ్య కూతురి వైపు చూడకుండానే, కిరణ్‌గానికి నేను చెప్తాలే పాపా అన్నాడు. ఆదివారం నుంచి ఆమెతో ఆయన అన్న మొదటి మాట అది. ఈ మాటేదో ఆ పొద్దు షాపులో అని ఉంటే ఈయన సొమ్మేం పోయేదని సుచరితకు మళ్ళీ కోపం వచ్చింది. కళ్ళు మసకబారుతుంటే దుమ్మును తిట్టుకుంటూ కారెక్కి, తలుపు దబాలున వేసుకుంది.